కోటిరత్నం వేలి దారం

చీరాల పక్కన పేరాల నేతగాళ్ళ వీధిలో కోటిరత్నాన్ని తెలియనివాళ్ళు ఉండేవారు కాదు. నోరున్న మనిషి. వీధి మొదట్లో ఆవిడ మాట్లాడితే వీధి చివర మగ్గం గుంటలో కూర్చున్నవాడు జవాబు చెప్పేవాడు. భర్త పోయాక మగ్గం మరిదికి అప్పజెప్పి, తను రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఏళ్ళ తరబడి నూలు జారీ జారీ ఆవిడ కుడిచేతి చూపుడువేలి మీద సన్నని గాడి పడింది. "పోగు తెగబోతుంటే తెగకముందే నా వేలికి తెలుస్తుందే" అనేది. అది నిజమే. కాకపోతే కోటిరత్నం ఏ నిజాన్నీ అక్కడితో ఆపే రకం కాదు. వానొచ్చేది ఆ వేలికి తెలుస్తుందనేది, చుట్టాలొచ్చేది తెలుస్తుందనేది, అల్లుడు అంకారావు మనసులో ఏముందో కూడా ఆ వేలికే తెలుస్తుందనేది. పాపం అంకారావు ఆవిడ ముందు మనసులో ఏదీ పెట్టుకోకుండానే తిరిగేవాడు.

ఒక్కటి మాత్రం ఆ వేలికి తెలియలేదు. దాని సంగతి ఆవిడ ఎవరితోనూ ఎత్తేది కాదు.

కూతురు మల్లేశ్వరికి తొలికాన్పు నెలలు నిండకుండానే వచ్చింది. ఇంట్లోనే పుట్టింది, ఆడపిల్ల, పట్టుకుంటే దోసిట్లో ఇంకా చోటు మిగిలేది. మంత్రసాని చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. కోటిరత్నం ఆ పసిగుడ్డును పాతచీర ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, అలవాటు చొప్పున రాట్నం ముందే కూర్చుంది. మధ్యాహ్నం ఎండ చూరు సందుల్లోంచి గీతలు గీతలుగా పడుతోంది. బిడ్డ నిద్రపోతోంది. పోగు ఒకటి తెగితే అతికింది. అతికి ఒళ్ళోకి చూస్తే బిడ్డ ఎలా ఉన్నది అలాగే ఉంది, లోపల మాత్రం ఎవరూ లేరు. ఏడవలేదు, కొట్టుకోలేదు. ఊపిరి తీయడం మర్చిపోయినట్టు ఊరికే ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో కోటిరత్నానికి తెలియలేదు. నూలుపోగు తెగేది ముందే తెలిసే మనిషికి, ఒళ్ళో ఉన్న బిడ్డ సంగతి తెలియలేదు!

ఆ తర్వాత మనిషి పైకి ఏమీ మారలేదు. నోరు అలాగే ఉంది. నిద్రే పోయింది.

మల్లేశ్వరి మళ్ళీ నీళ్ళోసుకుంది. ఈసారి కూడా ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. అవి యాభైల చివరి సంవత్సరాలు. మిరపకాయలు కళ్ళాల్లో ఎండే రోజులు. ఈసారి కోటిరత్నం మంత్రసానిని పిలవలేదు. "బండి కట్టండ్రా" అని అరిచి, కూతుర్ని వరిగడ్డి మీద పడుకోబెట్టి, మిషన్ ఆసుపత్రికి తోలించింది. దారి పొడుగునా రెండువైపులా నేలంతా ఎర్రగా ఉంది. గాలి కదిలితే చాలు, ఎద్దులు కూడా తుమ్ముతున్నాయి. తడిగుడ్డ కూతురి ముక్కు మీద కప్పి, తను ఆ ఘాటంతా మింగుతూ కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు మిరపకాయలవో, తనవో ఎవరూ అడగలేదు.

బిడ్డ ఆసుపత్రిలో పుట్టింది. మళ్ళీ ఆడపిల్లే, మళ్ళీ అంతే గుప్పెడు. కానీ ఇక్కడ దాన్ని ఒళ్ళో పెట్టలేదు. అద్దం మూత ఉన్న చెక్కపెట్టెలో, దూది పరుపు మీద, చుట్టూ వేడినీళ్ళ సీసాలు పెట్టి పడుకోబెట్టారు. పక్కన మనిషెత్తు ఇనప సిలిండరు. దాని నుంచి ఒక రబ్బరు గొట్టం నీళ్ళసీసాలోకి, అక్కడి నుంచి పెట్టెలోకి. నీళ్ళల్లో బుడగలు లేచి పగులుతూ ఉండేవి.

"ఏంటమ్మా ఆ చప్పుడు?" అంది కోటిరత్నం.

"గాలి పెట్టామండి" అంది నర్సు రెబ్కా. 

"గాలి పెట్టడమేంటి? బయట లేదూ గాలి?"

"ఇది చిక్కటి గాలి పెద్దమ్మా. బిడ్డ గుండెల్లో ఇంకా సత్తువ లేదు. మన గాలి దానికి పల్చన."

ఈ రెబ్కాది పర్చూరు దగ్గర పల్లె. కూలికి పోయే ఇంట్లో పుట్టి, మిషన్ బళ్ళో చదివి నర్సయింది. మాట నెమ్మది, పట్టు మాత్రం ఉడుంపట్టు. మొదటిరోజు ఆవిడ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిస్తే కోటిరత్నం దాహం లేదంది. బండిలో మిరపఘాటు మింగి వచ్చిన మనిషికి దాహం లేకపోవడమేమిటి? ఎందుకు లేదో రెబ్కాకి తెలుసు. గ్లాసు కిటికీలో పెట్టి తన పని తను చూసుకుంది.

మల్లేశ్వరి పక్క వార్డులో ఉండేది. పాలు పిండి ఇస్తే రెబ్కా ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా బిడ్డ నాలుక మీద వేసేది. కోటిరత్నం పెట్టె పక్కనే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేది. ఆ గదిలో పగళ్ళు చిత్రంగా గడిచేవి. కిటికీలకి తడిపిన తెల్లగుడ్డలు కట్టి ఉండేవి. వాటి గుండా వచ్చే వెలుతురు పాల రంగులో ఉండేది. సీసాలో నీళ్ళు బుడబుడమంటూనే ఉండేవి. ఆ చప్పుడు వింటూంటే ఏదో చెరువు అడుగున కూర్చుని, పైన ఎవరో వెళ్తుంటే చూస్తున్నట్టు ఉండేది కోటిరత్నానికి. ఆ చప్పుడు ఉన్నంతసేపూ బిడ్డ ఉంటుంది. అంతే ఆవిడకి తెలిసింది, అంతకంటే తెలుసుకోవాలని కూడా లేదు.

ఒక ఉదయం డాక్టరమ్మ వచ్చి చూసి వెళ్ళాక, రెబ్కా సంతోషంగా అంది:

"పెద్దమ్మా, ఇవాళ్టి నుంచి దీనికి గాలి మరిపించాలి."

పాలు మరిపించడం అంటాం కదా, చంటిపిల్లల చేత పాలు మాన్పించేటప్పుడు. పెద్దావిడకి తేలిగ్గా అర్థమవుతుందని ఆ మాట వాడింది, పాపం. కోటిరత్నం దిగ్గున లేచి నిలబడింది.

"ఏంటీ? మరిపిస్తావా? అసలే ఇది మర్చిపోయే జాతే తల్లీ! దీని అక్క మర్చిపోయే పోయింది. గుర్తుచెయ్యాల్సింది పోయి మరిపిస్తానంటావా? నీ నోట్లో మన్నుపడ!"

"పాలు మరిపించినట్టే పెద్దమ్మా. ఒక్కసారిగా కాదు, కాస్త కాస్త..."

"పాలు మరిపిస్తే అన్నం ఉంది. గాలి మరిపిస్తే ఏముందే?"

"మనం పీల్చే గాలి ఉందిగా!" అంది రెబ్కా. తర్వాత గొంతు తగ్గించింది. "ఈ చిక్కటి గాలి ఎక్కువ రోజులు పెడితే పసివాళ్ళకి కళ్ళు పోతాయట. ఈమధ్యనే కనిపెట్టారని డాక్టరమ్మ చెప్పింది. ఊపిరి నిలబడుతుంది గానీ చూపు ఉండదు. రెండూ దక్కాలంటే ఇప్పుడే మరిపించాలి."

కోటిరత్నం మళ్ళీ కూర్చుంది. బిడ్డ కళ్ళు అప్పటికి ఎవరూ సరిగ్గా చూడలేదు. రెప్పలు మూసుకునే ఉండేవి.

రెబ్కా సిలిండరు మర ఓ పిసరు బిగించింది. బుడగలు పల్చబడ్డాయి. ఒక బుడగకీ ఇంకో బుడగకీ మధ్య వచ్చే ఆ ఖాళీలో కోటిరత్నం గుండె జారిపోయేది. అప్పుడు ఆవిడ ఏం చేసిందో చెప్పమంటారా? పాలు మరిపించే ఇంట్లో అమ్మమ్మలు చేసే పనే చేసింది. తల్లి చూడకుండా పిల్లకి పాలు పట్టినట్టు, రెబ్కా అటు తిరగగానే లేచి మర కాస్త వదులు చేసేది. బుడగలు జోరుగా లేస్తే ప్రాణం కుదుటపడేది. రెబ్కా వచ్చి బిగించేది, ఈవిడ వదులు చేసేది. ఇలా ఎంత జరిగిందో గానీ, ఒకసారి రెబ్కా గుమ్మంలోనే ఆగి చూసింది.

నెమ్మదస్తురాలని చెప్పానే, ఆ రోజు ఆ నెమ్మది ఏమైందో! "మీ చేత్తో మీరే దాని కళ్ళు పొడుస్తున్నారా పెద్దమ్మా!" అని వార్డంతా వినబడేలా అరిచింది. అరిచిన మనిషే మళ్ళీ పక్కన వచ్చి కూర్చుని, "మీ చేతులు ఊరుకోవు. వాటికి పని కావాలి" అంది.

ఆ పనే దారం.

నెలతక్కువ పిల్లలు నిద్రలో ఊపిరి మర్చిపోతారు. కాస్త కదిపితే చాలు, గుర్తొచ్చి మళ్ళీ తీస్తారు. అందుకని కాలికి మెత్తని పట్టీ కట్టి, దాని కొస పట్టుకుని కనిపెట్టుకుని కూర్చోవాలి. బిడ్డ ఆగితే మెల్లిగా లాగాలి. రెబ్కా గాజుగుడ్డ పేలిక తెస్తే, "అది గరుకమ్మా" అని కోటిరత్నం ఇంటి నుంచి తన నూలే తెప్పించింది. బిడ్డ చీలమండ చుట్టూ దూది చుట్టి, దాని మీద నూలు ముడి వేసి, రెండో కొస తన చూపుడువేలి గాడిలో చుట్టుకుంది. ఆ గాడి దానికోసమే పడ్డట్టుంది.

అది పనిచేసింది సుమా! మొదట్లో బిడ్డ చాలాసార్లు మర్చిపోయింది. రంగు మారి, చిన్న ఛాతీ నిలబడిపోయేది. కోటిరత్నం వేలు కదిలేది. బిడ్డ ఉలిక్కిపడి, కాలు విదిల్చి, అలిగినట్టు మూతి ముడిచి మళ్ళీ ఊపిరి తీసేది. "తీసింది" అనేది కోటిరత్నం. అద్దం మీద ఆవిడ ఊపిరి ఆవిరయ్యేది. బుడగలు రోజురోజుకీ తగ్గుతున్నాయి. ఆవిడకి వాటితో పని లేకుండా పోయింది. "నాకు అద్దంలోంచి చూడక్కర్లేదే" అని మల్లేశ్వరితో అనేది, "అది ఊపిరి తీస్తే దారంలో తెలుస్తోంది. నా వేలు చెబుతోంది." 

అంతా బాగానే ఉంది గానీ ఈవిడ కోటిరత్నం అయిపోయింది! బిడ్డ ఆగితే లాగమన్నారు. ఆగుతుందేమోనని కూడా లాగేది. ఆవిడకి గుబులు పుట్టినప్పుడల్లా లాగేది. గుబులు లేకపోతే, ఎందుకు లేదా అని లాగేది. కునుకు పట్టేసరికి కాలు గుంజితే ఏ బిడ్డ మాత్రం బలం పుంజుకుంటుంది? సిలిండరు మర పూర్తిగా బిగించేసిన రోజున డాక్టరమ్మ బిడ్డని తూకం వేసి పెదవి విరిచింది. "గాలి మానేసింది సరే, ఈ దారం ఎప్పుడు మానుతుంది? దారంతో ఇంటికి పంపలేం" అంది. చెప్పింది బిడ్డ గురించే. రెబ్కా మాత్రం కోటిరత్నం వైపు చూసింది.

ఆ మధ్యాహ్నం రెబ్కా బిడ్డకి దూది మారుస్తూ, "పెద్దమ్మా, బావి దగ్గర నుంచి కాస్త చల్లటి నీళ్ళు తెచ్చిపెడతారా?" అంది. కోటిరత్నం నీళ్ళు తెచ్చి, మళ్ళీ దారం కొస వేలికి చుట్టుకుంది. అప్పటి నుంచి రెబ్కా, "ఇక్కడ గది తుడవాలి, మీరు వరండాలో కూర్చోండి. మీ వేలికి తెలుస్తుందిగా" అనేది. దారం కాస్త పొడుగ్గా వదిలి, కిటికీ ఊచల మధ్య నుంచి బయటికి ఇచ్చేది.

వరండాలో వేపచెట్టు నీడ పడేది. కోటిరత్నం గోడకి చేరబడి కళ్ళు మూసుకునేది. ఎక్కడో దూరంగా మగ్గం ఆడుతున్నట్టు చెవిలో చప్పుడు. పోయిన మొగుడు నాడె విసురుతున్నాడు, అటూ ఇటూ, అటూ ఇటూ. దారం ఆ లయకే బిగుస్తూ సడలుతూ ఉంది. తీసింది, వదిలింది. తీసింది, వదిలింది. ఆ దారం తన వేలి నుంచి కిటికీలోకి, కిటికీ నుంచి బిడ్డ కాలి దాకా, బిడ్డ కాలి నుంచి ఇంకా అవతలికి, మిరప కళ్ళాలు దాటి ఎక్కడికో పోతున్నట్టు ఉండేది. ఆ చివర ఎవరో చిన్న వేలితో పట్టుకుని ఉన్నారు. ఎవరో ఆవిడకి తెలుసు. కళ్ళు తెరిస్తే పోతుందని తెరిచేది కాదు. చాలా కాలానికి ఆవిడ మొహం మీద ముడతలు వదులయ్యాయి.

ఒకరోజు అలాగే కూర్చుని ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి.

"తీసింది... ఇదిగో, మళ్ళీ తీసింది... ఇవాళ గట్టిగా తీస్తోందే మల్లీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. కోటిరత్నం కళ్ళు తెరిచింది. ఎదురుగా, వరండా ఆ చివర బల్ల మీద మల్లేశ్వరి కూర్చుని ఉంది. కొంగు కింద ఒక చిన్న తల. ఇంత నల్లటి జుట్టు. బిడ్డ తల్లి రొమ్ము పట్టుకుని చప్పరిస్తోంది. పక్కన రెబ్కా నిలబడి ఉంది.

కోటిరత్నం తన వేలు చూసుకుంది. దారం బిగువుగానే ఉంది. దారం వెంట కిటికీలోకి తొంగిచూసింది. దారం ఖాళీ పెట్టె దగ్గరికి వెళ్ళింది. పెట్టె పక్క నుంచి కిందికి దిగింది. పెట్టె పెట్టిన బల్లకోడుకి, చక్కగా రెండు ముళ్ళు వేసి కట్టి ఉంది.

ఇన్నాళ్ళూ ఆవిడ బల్లకోడు ఊపిరి లెక్క చూస్తూ కూర్చుంది!

"ఓసి నీ దుంప తెగ!" అని లేచింది కోటిరత్నం. ఆ తర్వాత అన్న మాటలు రాయడం బాగుండదు. ఆసుపత్రిలో ఉన్న జనమంతా బయటికొచ్చారు. "నన్ను బొమ్మని చేసి ఆడిస్తావా? ముసలిదానితో వేళాకోళమా? ఆ బిడ్డ ఆగిపోయుంటే ఎవరే జవాబు చెప్పేది?"

"నేను లోపల చూస్తూనే ఉన్నాను పెద్దమ్మా" అంది రెబ్కా. "ఆగలేదు. దారం విప్పాక ఒక్కసారి కూడా ఆగలేదు. కంటినిండా నిద్రపోయింది, అందుకే పాలు చప్పరించే బలం వచ్చింది."

"మరి నా వేలికి తెలిసిందేంటే? తీస్తున్నట్టు, వదులుతున్నట్టు?"

"మీ ఊపిరే."

కోటిరత్నం నోరు తెరిచింది. వీధి మొత్తానికి వినబడే ఆ గొంతులోంచి, పక్కనున్నవాళ్ళకి కూడా వినబడనంత చిన్నగా వచ్చింది ప్రశ్న.

"అయితే నేను చూడకపోయినా తీసిందా?"

"తీసింది."

"చూస్తూ ఉంటే ఆగదు, చూపు తిప్పితే ఆగుతుంది... అలా కాదా?"

"కాదు పెద్దమ్మా."

ఆవిడ గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. "ఆ పెద్దది నా ఒళ్ళోనే పోయింది. పోగు అతుకుతున్నాను. తలొంచి ఉంటే..." అంది.

మల్లేశ్వరికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. అమ్మ ఎందుకు నిద్రపోదో అప్పుడు తెలిసింది. రెబ్కా వచ్చి ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ అలా ఎదురెదురుగా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చోవడం అందరూ వింతగా చూసే విషయమే. ఎవరూ ఏమీ అనలేదు.

"దానికి గుండెల్లో సత్తువ లేక పోయింది పెద్దమ్మా. మీరు తల వంచి ఉన్నా, రెప్ప వెయ్యకుండా చూస్తూ ఉన్నా పోయేది. మీరు వేసిన అతుకు దాన్ని చంపలేదు."

కోటిరత్నం ఏడ్చింది. ఇలా ఏడుస్తుందని ఎవరూ అనుకోలేదు, ఆవిడ కూడా. అప్పుడే ఆసుపత్రి ముందు నుంచి మిరపకాయల బండ్లు వరసగా వెళ్ళాయి. ఘాటు గుప్పున కొట్టింది. వార్డంతా తుమ్మింది, ఆయాలు తుమ్మారు, లోపలెక్కడో డాక్టరమ్మ కూడా తుమ్మింది. చివరికి మల్లేశ్వరి కొంగు కింద నుంచి, పిట్ట ముక్కుతో గింజ పగలగొట్టినంత చప్పుడు. బిడ్డ తుమ్మింది! తుమ్మి, ఎవరూ లాగకుండానే, ఎవరూ గుర్తుచెయ్యకుండానే, గుండె నిండా మన గాలి, మిరపకాయల గాలి, పీల్చుకుని కయ్యిమని ఏడుపందుకుంది.

"చిరంజీవ, నూరేళ్ళు" అంది కోటిరత్నం, ఏడుస్తూ, అలవాటుగా.

తర్వాత వేలికి చుట్టుకున్న దారం తనే విప్పింది. "మంచినీళ్ళు తేవే అమ్మాయ్, గొంతు మండిపోతోంది" అంది రెబ్కాతో. తెచ్చిన గ్లాసు ఎత్తిపట్టకుండా పెదవులకి ఆనించుకుని, చుక్క మిగలకుండా తాగి, అక్కడే వరండాలో కొంగు పరుచుకుని నిద్రపోయింది. సాయంత్రం దాకా ఎవరూ లేపలేదు.

బిడ్డకి భద్రావతి అని పేరు పెట్టారు. వీధిలో అందరూ భద్రం అని పిలిచేవారు. అరవైలు సగం గడిచేసరికి భద్రం పలకా బలపం పట్టుకుని బడికి పోతోంది. రెండు కళ్ళూ చింతగింజల్లా మెరుస్తుంటాయి. నోరు మాత్రం అమ్మమ్మదే. రెబ్కా చీరాల వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లోనే భోజనం.

ఒకసారి అలాగే వచ్చింది. మధ్యాహ్నం. భద్రం మగ్గం పక్కన చాప మీద ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. కోటిరత్నం దానికి వీపు పెట్టి కూర్చుని కండె చుడుతోంది.

"ఆ దారం ఏం చేశారు పెద్దమ్మా? దాచారా?" అంది రెబ్కా.

"దాచడానికి అదేమన్నా పట్టుదారమా? కండెకి చుట్టేశాను. ఏ చీరలోకి పోయిందో, ఎవరు కట్టుకున్నారో."

పోగు తెగింది. కోటిరత్నం తల వంచి అతుకు వేస్తోంది. వెనకాల నిద్రలో భద్రం ఊపిరి ఒక క్షణం సన్నబడి ఆగినట్టనిపించింది. నర్సు ప్రాణం కదా, రెబ్కాయే ఉలిక్కిపడి ముందుకి వంగింది.

"ఊరుకోవే" అంది కోటిరత్నం, వెనక్కి తిరగకుండానే. "అది మర్చిపోదులే."